మూతి కట్టిన సీసాలు

మా అత్తగారు చివరిదాకా నేను జ్యూసుల కంపెనీలో పనిచేస్తున్నాననే చుట్టాలకు చెప్పుకుంటూ వచ్చారు. ఆవిడ అబద్ధమాడారని అనలేను. మా కంపెనీ బతికింది ద్రాక్షపళ్ల రసంతోనే. కాకపోతే ఆ రసాన్ని కొంతకాలం పీపాల్లో ఊరబెట్టి, సన్నమెడ సీసాల్లో పోసి, బిరడా బిగించి, వైను పేరుతో అమ్మేవాళ్లు. ఆ సీసాల గురించి జనం నాలుగు మంచి మాటలు అనుకునేలా చూడటం నా ఉద్యోగం. పీఆర్ మేనేజరంటారు. రిటైరయ్యాక కూడా మా వీధిలో నన్ను ‘జ్యూసుల మేడమ్‌గారు’ అనే పిలుస్తున్నారు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. “మేడమ్, మీరు చేసిన ప్రోడక్ట్ లాంచుల్లో బాగా సక్సెస్ అయినది ఒకటి చెప్పండి” అని అడుగుతారు. సక్సెస్ అయినవేవీ నాకు విడివిడిగా గుర్తులేవు. అన్నిట్లోనూ అవే పూలగుత్తులు, అవే శాలువాలు, సమయానికి పలకని మైకు, మర్నాడు పేపర్లో ఫొటో. బాగా గుర్తున్నది ఒక్కటే. ఆ సాయంత్రం హాలు నిండా జనం, బల్లల నిండా మా సీసాలు, అయినా ఒక్కరి గొంతులోనూ ఒక్క చుక్క దిగలేదు. మీకు అదే చెబుతాను. పనికొస్తుందో లేదో మీరే చూసుకోండి.

అప్పటికి నన్ను హైదరాబాదు నుంచి రాజమండ్రి పంపారు. గోదావరి జిల్లాల్లో చేపల చెరువులమీద, రొయ్యల మీద బాగా సంపాదించినవాళ్లున్నారు, అక్కడ వైను అలవాటు చెయ్యాలి అని కంపెనీ ఆలోచన. డెల్టాలో తాగేవాళ్లకు కొదవలేదు. వైను తాగేవాళ్లే లేరు. “ఎక్కదండి” అని మగవాళ్లు ఒక్క మాటలో తేల్చేసేవాళ్లు. ఆడవాళ్ల దగ్గర అసలు ఆ మాటే ఎత్తడానికి లేదు. షాపుల్లో మా సీసా పై అరలో, ఎవరి చెయ్యీ అందనంత ఎత్తున, దుమ్ముపట్టి కూర్చునేది.

పైగా మన దగ్గర మందుకు ప్రకటన ఇవ్వకూడదు. వైనూ అందులోకే వస్తుంది. అంచేత మా తెలివిలో సగం, సీసా పేరెత్తకుండా సీసాను జనం కళ్లముందు పెట్టడానికే ఖర్చయ్యేది. కొన్ని కంపెనీలు అదే పేరుతో సోడా అమ్మేవి, కొన్ని పాటకచేరీలు పెట్టేవి. మా మార్కెటింగ్ హెడ్ ముంబై నుంచి రోజూ ఫోన్ చేసి, “మనకొక కథ కావాలి, కథ తెండి” అనేవాడు. ఆయన చెడ్డవాడేం కాదు. మాట్లాడినంత వేగంగా వినడం రాదు, అంతే.

కథ నేనే తెచ్చాను. నరసాపురం లేసు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు వసారాల్లో కూర్చుని సూదితో అల్లే తెల్లదారం లేసు విదేశాలకు పోతుంది. మా సీసాలకు లేసు తొడుగులు అల్లిద్దాం, పేపర్ల వాళ్లకు లేసు గురించే చెబుదాం, ఫొటోలో లేసే కనిపిస్తుంది, లేసు లోపల మనం ఉంటాం అన్నాను. హెడ్‌కు అది ఎంత నచ్చిందంటే, సాయంత్రానికల్లా అది తన ఐడియా అయిపోయింది. మా వృత్తిలో అది మామూలే.

నరసాపురంలో పని ఒప్పుకున్నావిడ చురుకైన మనిషి. దారం తెచ్చి ఊళ్లలో ఆడవాళ్లకు పంచి, అల్లినవి పోగుచేసి ఎగుమతిదారులకు ఇస్తుండేది. ఆ ఏడాది విదేశీ ఆర్డర్లు పడిపోయి ఆవిడ కింద పనిచేసేవాళ్లంతా ఖాళీగా ఉన్నారు. అల్లినవాటిని ఉతికి, గంజిపెట్టి, సాపుచేసే పని ఆవిడ భర్తది. ఎక్కువ మాట్లాడడు. అందరూ పెన్ను పెట్టుకునే చొక్కా జేబులో ఆయన చిన్న కత్తెర పెట్టుకుంటాడు. ఎక్కడ దారం కొస కనిపించినా తీసి టక్కున కత్తిరించి మళ్లీ జేబులో వేసుకుంటాడు.

“దేనికి తొడుగులో తెలిసే చేస్తున్నారు కదా? తరవాత మాటొస్తే బాగుండదు” అని నేను ముందే అడిగాను.

“వైను సీసాలని చెప్పారు కదండీ. ఎవరింట్లో ఏం తాగుతారో మనకెందుకండి. మావాళ్లకి పని కావాలి” అంది ఆవిడ. “సీసా ఒళ్లు లావు, మెడ సన్నం. ఒళ్లు మేం ఇంటిదగ్గర అల్లేస్తాం. మెడ మాత్రం సీసా మీదే అల్లాలి. దానికి మీ దగ్గరికే వస్తాం. కొలతకి ఓ సీసా పంపండి.”

గేటు దాకా సాగనంపడానికి వచ్చి, లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“ఖాళీది పంపండి మేడమ్. మా ఆయన మానేశారు. రెండు క్రిస్మస్‌లు ప్రశాంతంగా వెళ్లాయి మాకు. అంతకుముందు పండగంటే నేనూ పిల్లలూ చర్చిలోనే పొద్దుపోయేదాకా కూర్చునేవాళ్లం, ఇంటికి రాబుద్ధి కాక. మళ్లీ ఆ రోజులు వద్దండి.”

“ఖాళీదే పంపిస్తాను” అని మాటిచ్చాను.

ఇక్కడ మా అకౌంటెంటుగారి గురించి చెప్పాలి. ఆయనది రామచంద్రపురం. మర్యాద ఆయనకు ఒంట్లోనే ఉంది. ఆఫీసుకు బిల్లు వసూలుకు వచ్చినవాణ్ణి కూడా కాఫీ ఇవ్వకుండా పంపేవారు కాదు. నరసాపురానికి ఒక ఖాళీ సీసా పంపించండి అని ఆయనకు చెప్పి, నేను వేరే పనిమీద వైజాగ్ వెళ్లాను. తిరిగొచ్చాక మాటల మధ్యలో, చాలా మామూలుగా, ఆయనే చెప్పారు.

“సీసా ఆ రోజే పంపించేశానండి మేడమ్‌గారూ. కాకపోతే నిండుదే పంపాను.”

“ఖాళీది కదండీ చెప్పాను!”

“బాగుంది! ఓ ఇల్లాలి ఇంటికి ఖాళీ సీసా ఎలా పంపిస్తామండీ? పక్కింటి వాళ్ల గిన్నె తిరిగిచ్చేటప్పుడు కూడా గుప్పెడు పంచదారేనా వేసి ఇస్తాం. కంపెనీ తరఫున వెళ్తోంది, మనకి పరువుండొద్దూ?”

ఆయన్ను ఏమైనా అనాలంటే మొత్తం డెల్టాను అనాలి. నరసాపురం ఆవిడ నంబరుకు ఫోన్ చేశాను. ఆవిడ భర్త ఎత్తాడు.

“సీసా అందిందాండీ?”

“ఆయ్, అందిందండి. బాగుందండి.”

ఏం బాగుందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. పక్కనే ఉండి విన్న అకౌంటెంటుగారు, “చూశారా, బాగుందన్నారా?” అని సంతోషపడ్డారు.

మర్నాడే ఒక ఖాళీ సీసా బ్యాగులో వేసుకుని నరసాపురం బస్సెక్కాను. దారిపొడుగునా నాకు భయంగానే ఉంది. ఆవిడ నన్ను అడిగింది ఒకే ఒక్కటి. కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ఒక వెసులుబాటుంటుంది. ఏదైనా తేడావస్తే ‘ఆఫీసులో పొరపాటు జరిగింది’ అనేస్తాం. పాలకొల్లు దాటేదాకా ఆ వాక్యాన్నే రకరకాలుగా కూర్చుకున్నాను.

వెళ్లేసరికి ఆయన వసారాలో పనిలో ఉన్నాడు. ముందు స్టూలు మీద మా సీసా. గంజిలో ముంచి పిండిన తొడుగును దానికి తొడిగి, చేత్తో ముడతలు సాపుచేసి, బిగుతుకొచ్చాక ఊడదీసి తాడుమీద ఆరేస్తున్నాడు. ఇద్దరు ఆడవాళ్లు పక్కన కూర్చుని అల్లుతున్నారు. సీసా ఒళ్లు నల్లగా మెరుస్తోంది. మెడ మాత్రం తెల్లగా ఉంది. దగ్గరికి వెళ్లి చూశాను. బిరడా మీంచి మెడ సగం దాకా లేసు అల్లేసి ఉంది. సందు లేదు, దారం కొస లేదు. ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియడం లేదు.

“ఇదేంటండి?” అన్నాను, టీ గ్లాసుతో బయటికొచ్చిన ఆవిడతో.

“మూతండి” అని వీధివైపు చూసింది.

నేను కూర్చుకున్న వాక్యం అప్పజెప్పి, ఖాళీ సీసా బయటికి తీసి, “ఇది ఉంచుకోండి, అది తీసుకెళ్లిపోతాను” అన్నాను. ఆయన ఖాళీ సీసా అందుకుని స్టూలు మీద పెట్టి, తడి తొడుగు తొడిగి కిందికి లాగాడు. సీసా పక్కకి ఒరిగింది. నిలబెట్టి మళ్లీ లాగాడు. మళ్లీ ఒరిగింది.

“ఖాళీదైతే ఇలా దొర్లిపోద్దండి. నిండుది కుదురుగా కూచుంటుంది. పనయ్యేదాకా ఉండనివ్వండి మేడమ్” అన్నాడు.

నేను ఆవిడ వంక చూశాను. ఆవిడ చేతిలో ఉన్న టీ గ్లాసు నాకు అందించి, “ఆయనకి దేంతో కుదిరితే దాంతో చెయ్యనివ్వండి” అంది.

అప్పుడే అల్లుతున్న ఇద్దరిలో ఒకామె తలెత్తి, “మెడ కూడా ఇలాగే కదండీ?” అని అడిగింది. నా చూపు ఆయన చేతిమీదే ఉంది. ఒక చేత్తో సీసా మెడ పట్టుకుని, రెండో చేత్తో లేసు సవరిస్తున్నాడు. ఎవరేం అడిగారో సరిగా వినకుండానే, మా ట్రేడులో నోటికి అలవాటైన మాట అనేశాను. “శాంపిల్ ఎలా ఉంటే అలాగే చెయ్యండి.”

వచ్చేటప్పుడు ఆవిడ ఖాళీ సీసాను ఖాళీగా ఇవ్వలేదు. ఇంట్లో ఆడించిన కొబ్బరినూనె నిండా పోసి ఇచ్చింది. అకౌంటెంటుగారికి చెబితే ఎంత సంబరపడేవారో. నేను చెప్పలేదు. ఆ నూనె చాలాకాలం నా తలకు పనికొచ్చింది.

ఇక ఆ లాంచ్ సభ రోజుకు వద్దాం. రాజమండ్రిలో గోదావరి గట్టుమీద హోటలు. భీమవరం నుంచి చెరువుల ఆసాములు, కొందరు డాక్టర్లు, కాలేజీల యజమానులు, వాళ్ల శ్రీమతులు. పేపర్ల వాళ్లు. హాల్లో లేసు లేని సీసా ఒక్కటి కూడా ఉండకూడదని నేనే కచ్చితంగా చెప్పాను. లేబులు ఫొటోలో పడితే లేనిపోని గొడవ. హోటలు వాళ్లు లేసు తొడగని సీసాలను కిందే గోడౌనులో పెట్టించి తాళం వేయించారు.

పొద్దున్నే నరసాపురం నుంచి భార్యాభర్తలు, వసారాలో చూసిన ఆ ఇద్దరూ వచ్చారు. శాంపిల్ సీసాను బల్లమీద పెట్టుకుని వెనక గదిలో మెడలు అల్లడం మొదలుపెట్టారు. నేను హెడ్‌ను తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకు పోయాను. మధ్యాహ్నం అకౌంటెంటుగారు ఎదురొచ్చి, “మూతులకి కూడా టోపీలు పెట్టారండి, ఎంత ముద్దుగా ఉన్నాయో!” అన్నారు. నేను మైకు గొడవలో ఉండి, అలాగేనన్నాను.

సభ బాగానే మొదలైంది. లేసు గురించి హెడ్ ఇంగ్లీషులో మాట్లాడాడు, నేను తెలుగులో చెప్పాను. భార్యాభర్తలను వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పించాం. చప్పట్లు. ఫొటోలు. ఇక హెడ్ బిరడా తీసే మర చేతిలోకి తీసుకుని, నవ్వుతూ, ముందున్న సీసాను ఎత్తాడు.

మర పెట్టడానికి చోటు దొరకలేదు. టోపీ అనుకుని పైకి లాగాడు, రాలేదు. గోటితో గీరాడు, రాలేదు. ఇంకో సీసా తీసుకున్నాడు. అదీ అంతే. హాల్లో ఉన్న ప్రతి సీసా బిరడా మీంచి మెడ దాకా ఒకే దారంతో మూసేసి ఉంది, శాంపిల్ ఎలా ఉందో అచ్చం అలాగే. కిందనుంచి లేసు లేని సీసాలు తెప్పిద్దామంటే, ముందు వరసలో కెమెరాలు పట్టుకుని పేపర్ల వాళ్లు.

హోటలు మేనేజరు కత్తెర కోసం మనుషుల్ని పరిగెత్తించాడు. రిసెప్షన్లో లేదు. వంటింట్లోంచి ఒకడు కూరగాయల కత్తి పట్టుకొచ్చాడు. ముందు వరసలో ఉన్న భీమవరం ఆసామి భార్య, పెద్దావిడ, లేచి వచ్చి సీసా చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

“అమ్మమ్మా, ఇంత సన్నపు పని! దీన్ని కత్తి పెట్టి కోస్తారా ఏంటండీ?”

హెడ్‌కు ఆ మాట అర్థం కాలేదు, స్వరం అర్థమైంది. చెమట తుడుచుకుంటూ వేదిక మీద ఉన్న నరసాపురం ఆయన వైపు తిరిగాడు. వేళ్లతో కత్తిరిస్తున్నట్టు చూపించి, నన్ను అడగమన్నాడు.

“కత్తెర ఉందా అని అడుగుతున్నారండి” అన్నాను.

ఆయన శాలువా ఒక పక్కకి జారి ఉంది. చొక్కా జేబులోంచి కత్తెర పిడి రెండు రింగులూ బయటికే కనిపిస్తున్నాయి. నాకు కనిపించాయి. పక్కనే నిలబడ్డ భార్యకూ కనిపించాయి. ఆవిడ ఆ జేబు వంకే చూస్తోంది. ఆయన మాత్రం నన్నే చూస్తూ, నెమ్మదిగా శాలువా సర్దుకున్నాడు.

“లేదండి” అన్నాడు.

“లేదట” అని హెడ్‌కు ఇంగ్లీషులో చెప్పాను. ఉద్యోగంలో నేను చాలా అనువాదాలు చేశాను. అంత ఇష్టంగా మాత్రం ఇంకేదీ చెయ్యలేదు.

తరవాత జరిగిందంతా మామూలే. పెద్దావిడ “మా షోకేసులో పెట్టుకుంటాను” అని ఒక సీసా తీసుకుంది. ఆవిడను చూసి అందరూ తీసుకున్నారు. హోటలు వాళ్లు బత్తాయిరసం పంచారు. మగవాళ్లు కొందరు, తమ ఏర్పాట్లు తమకు ముందే ఉన్నట్టుంది, మెల్లగా మేడమీదికి వెళ్లారు. మర్నాడు పేపర్లలో ఫొటోలు బ్రహ్మాండంగా పడ్డాయి, అన్నిట్లోనూ లేసే. లేబులు ఒక్క అక్షరం కనపడలేదు. మా వైను మళ్లీ పై అరలోకే వెళ్లింది. లేసుకు మాత్రం ఆ హోటలు నుంచే దీపాల తొడుగులకు ఆర్డరు వచ్చింది, భీమవరం శ్రీమతుల నుంచి ఇంకెన్నో. కొన్నాళ్లకు కంపెనీ రాజమండ్రి ఆఫీసు ఎత్తేసి నన్ను మళ్లీ హైదరాబాదు పిలిపించుకుంది. హెడ్ వేరే కంపెనీకి మారి, తెరవడానికి వీల్లేని సీసాల కథను తన కథగా సభల్లో చెబుతున్నాడని విన్నాను. చెప్పుకోనివ్వండి.

ఆ సాయంత్రం హాలు ఖాళీ అవుతుండగా నరసాపురం ఆయన శాంపిల్ సీసా తెచ్చి అకౌంటెంటుగారికి అప్పగించాడు. మెడమీద లేసు వసారాలో చూసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. అకౌంటెంటుగారు సీసాను చేత్తో బరువు చూసి, ముఖం వెలిగిపోతూ నా దగ్గరికి వచ్చారు.

“చూశారా మేడమ్‌గారూ, నిండుగా పంపించాం, నిండుగానే తిరిగిచ్చారు. మర్యాదస్తులండి.”

నలుగురినీ బస్ కాంప్లెక్సు దాకా నేనే దింపాను. ఆయన టిక్కెట్ల వాకబుకు వెళ్లాడు. ఆవిడా నేనూ బెంచీ మీద కూర్చున్నాం. “ఆ రోజు మీరు మూతి కట్టెయ్యడం మంచిదైంది, లేకపోతే నా మాట పోయేది” అన్నాను.

ఆవిడ నవ్వింది.

“నేను కడితే ఆగేదేంటండీ అది? నిండు సీసా చూసేసరికి కోపం వచ్చి, మీమీద కోపమేనండి, కూచుని కట్టేశాను. కట్టాక గుర్తొచ్చింది, కత్తెర ఆయన జేబులోనే ఉంటుంది కదా అని. రోజూ పొద్దున్నే లేచి ముందు ఆ ముడి చూసుకునేదాన్ని. ఆయనకి తెలుసు చూస్తన్నానని. ఒక్క రోజూ ఏం అనలేదు.” ఆయన వెళ్లినవైపు చూస్తూ, “రేపటినుంచి చూడక్కర్లేదు” అంది.

ఆయన తిరిగొచ్చాడు. ఆవిడ భుజం మీది శాలువాకు షాపువాళ్ల చీటీ ఇంకా వేలాడుతోంది. ఆయన నా ముందే జేబులోంచి కత్తెర తీశాడు. చీటీ దారం టక్కున కత్తిరించాడు. కత్తెర మళ్లీ జేబులో పెట్టుకుని, “బస్సు పెట్టేశారండి, వెళ్లొస్తాం” అన్నాడు.